ఆరు స్కాన్లూ ఒక్కలాగే వచ్చాయి

స్కానరు దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజునే ఒక మాట చెబుతారు. పేషెంటు కదలకుండా ఉంటే చాలు, మిగతాది మెషీను చూసుకుంటుంది అని. నాకూ అదే చెప్పారు. నా తర్వాత వచ్చిన పిల్లలకు నేనూ కొన్నేళ్ళు అదే చెప్పాను. అది సగమే నిజమని నేను తెలుసుకునేసరికి ఒక కుర్రవాడి మోకాలు పోయే పరిస్థితి వచ్చింది. ఇప్పుడు స్కానరు నేర్చుకుంటున్న మీకోసం ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా దాని గురించే.

నర్సీపట్నంలో ఒక ధర్మాసుపత్రి వెనుక రేకుల షెడ్డులో కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపు ఉంది. అందులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఊడ్చే పనికి చేరి, ప్లాస్టర్ కలిపే పనికి మారి, చివరి ఎనిమిదేళ్ళు స్కానరు నడిపి పోయిన ఏడు రిటైరయ్యాను. నా పేరు అప్పలకొండ. వర్క్‌షాపులో అందరూ కొండమ్మ అనేవారు.

బయటివాళ్ళు మా పని కాళ్ళు తయారు చేయడం అనుకుంటారు. పాదం, గొట్టం, నట్లు, బోల్టులు అన్నీ పెట్టెలో వస్తాయి, బిగించడం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా సాకెట్ దగ్గరే. కాలు తీసేశాక మిగిలిన మొండి లోపలికి దూరి కూర్చునే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటారు. మనిషి బరువంతా దాని మీదే పడుతుంది. అది బిగుతైతే రక్తం ఆడదు. వదులైతే మొండి లోపలికి జారి ఎముక కొస అడుగుకి గుద్దుకుంటుంది, చర్మం చిట్లుతుంది, పుండు పడుతుంది. బిగుతుకీ వదులుకీ మధ్య ఉన్న తేడా రెండు మూడు బియ్యపు గింజల మందం కూడా ఉండదు. కాబట్టి మా అసలు పని మొండి ఆకారం ఎలా ఉందో ఉన్నదున్నట్టుగా తెలుసుకోవడం.

డేనియల్ గారి టేపు

నాకు పని నేర్పినది డేనియల్ గారు. పాయకరావుపేట వైపు మిషను చర్చి కుటుంబం. ఆయన కాలంలో స్కానర్లు లేవు. తడిపిన ప్లాస్టర్ కట్టు మొండి చుట్టూ చుట్టి, అది గట్టిపడేదాకా రెండు చేతులతో పట్టుకుని, అచ్చు తీసేవారు. ఆయన కోపిష్టి. పేషెంట్ల మీద ఎప్పుడూ అరవలేదు గానీ మా మీద అరవని రోజు లేదు.

ప్రతి సోమవారం ఉదయం షెడ్డులో ఉన్న గుడ్డ టేపులన్నీ బల్ల మీద పరిచి, ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూసేవారు. మొదట్లో నాకది చాదస్తంగా అనిపించేది. ఒక సోమవారం నా టేపు పట్టుకుని నన్ను పిలిచారు.

"కొండమ్మా, ఇది ఎన్నాళ్ళ టేపు?"

"రెండేళ్ళండి."

"రెండేళ్ళుగా దీన్ని లాగి లాగి కొలుస్తన్నావు. సూడు, అర సెంటీమీటరు సాగిపోనాది. దీంతో నువ్వు వందసార్లు కొలిసినా వందసార్లూ ఒకే అంకె వస్తాది. అప్పుడు నువ్వేటనుకుంటావు?"

"సరిగ్గా ఉందనుకుంటానండి."

"అదే దీని మాయ. కొలిసినప్పుడల్లా అంకె మారితే మంచిదే, మనకి అనుమానం వస్తాది, మళ్ళీ కొలుస్తాం. మారకుండా ఒకే తప్పు సెప్పిందనుకో, మనం నమ్మేస్తాం. పడేయ్ దాన్ని."

అప్పటికి నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. నలభై దాటాక డేనియల్ గారి భార్య మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చోబెట్టి తెలుగు చదవడం, రాయడం నేర్పారు. తర్వాత ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. అది లేకపోతే స్కానరు నా చేతికి వచ్చేది కాదు. కానీ దాని వల్ల ఒక చెడు కూడా జరిగింది. అచ్చేసిన అక్షరం ఏదైనా నాకు పెద్దవాళ్ళ మాటలా ఉండేది. చిన్నప్పటి నుంచీ చదివినవాళ్ళు అచ్చులోని తప్పుని చూసి నవ్వుతారు. నాకు ఆ ధైర్యం చాలా ఆలస్యంగా వచ్చింది.

నూనె రాసుకుని వచ్చేవాళ్ళు

డేనియల్ గారు వెళ్ళిపోయాక శ్రావణి మేడం వచ్చారు. చదువుకున్న మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. ఆమెతోపాటే స్కానరూ వచ్చింది. దాని పని చెప్పడం తేలికే. చీకటి చేసిన గదిలో మొండి మీదకి తెల్లటి చారల వెలుతురు వేస్తుంది. చదునైన చోట చారలు తిన్నగా ఉంటాయి, వంపు ఉన్నచోట వంగుతాయి. ఆ వంపుని కెమెరా చూసి, ఎక్కడ ఎంత ఎత్తు, ఎంత లోతు అని లెక్క కట్టి, లక్షల చుక్కలతో తెర మీద ఆకారం నిలబెడుతుంది. ప్లాస్టర్ లేదు, తడి లేదు, అరగంట పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

మొదటి రెండు నెలలూ ఒక్క స్కానూ సరిగ్గా రాలేదు. తెర మీద కాలు బదులు చిరిగిన గోనెసంచి కనిపించేది. మేడం కంపెనీకి ఫోన్లు చేస్తూ ఉండేవారు. నక్కపల్లి నుంచి వచ్చిన ఒక ముసలామె వల్ల కారణం తెలిసింది. ఆమె మొండి నిగనిగలాడుతోంది.

"ఏటి రాసావమ్మా దీనికి?" అని అడిగాను.

"కొబ్బరి నూనె. ఆసుపత్రికి ఊరికే వస్తారేటి? తానం సేసి, నూనె రాసుకుని వచ్చాను. డాక్టర్ల ముందు ఎండిపోయిన సర్మం పెడితే బాగుంటాదా?"

అడిగితే అందరూ అంతే. పెళ్ళికి తయారైనట్టు తయారై వస్తున్నారు. నూనె చర్మం అద్దంలా మెరుస్తుంది, చార దాని మీద నిలవదు, కెమెరా కళ్ళు చెదురుతాయి. అప్పటి నుంచి సబ్బుతో కడగడం, పూర్తిగా ఆరనివ్వడం, పైన పల్చగా టాల్కం పౌడరు అద్దడం మొదలుపెట్టాం. పౌడరు ఎక్కువైనా మోసమే. పాత కుట్ల గీతల్లో పేరుకుని, లోతుని పూడ్చేస్తుంది.

తర్వాత ఒక్కొక్కటే పట్టుకున్నాం. పడమటి కిటికీలో మధ్యాహ్నం ఎండ చారల్ని వెలవెల చేస్తుంది, నల్ల గుడ్డ కట్టాం. ట్యూబులైటు మన కంటికి తెలియకుండా మినుకుతుంది, ఆ మినుకు చారల్లో కలుస్తుంది, తీసేశాం. మెషీను వేసిన వెంటనే తీసిన స్కానుకీ, అరగంట వేడెక్కాక తీసిన స్కానుకీ తేడా ఉంటుంది, అందుకే ఉదయం రాగానే ఆన్ చేసి, కొలత తెలిసిన చుక్కల అట్ట ముందు పెట్టి సరిచూసుకున్నాకే మొదటి పేషెంటుని పిలిచేవాళ్ళం. ఇవన్నీ ఇప్పుడు మీకు పుస్తకంలో ఉంటాయి. పుస్తకంలో లేనిది చెప్పడానికే ఇంతదూరం రాశాను.

దుమ్ము

ఎంత జాగ్రత్తగా తీసినా తెర మీద ఆకారం చుట్టూ కొన్ని చుక్కలు చెదిరి ఉంటాయి. చర్మం మీద గరుకులా, పొగలా కనిపిస్తాయి. చదువుకున్నవాళ్ళు దాన్ని నాయిస్ అంటారు. మేము దుమ్ము అనేవాళ్ళం. దుమ్ముని తగ్గించడానికి రెండు దారులు. మొదటిది, అదే కాలిని ఆరుసార్లు స్కాన్ చేసి సగటు తీయడం. ఒకసారి ఇటు చెదిరిన చుక్క ఇంకోసారి అటు చెదురుతుంది, కలిపితే మధ్యకి వస్తుంది. రెండోది, కంప్యూటర్లో బ్రష్షులాంటి గుర్తు ఉంటుంది, దాంతో రుద్దితే గరుకు నున్నగా అవుతుంది.

మొదటి దారికి ఓపిక కావాలి. రెండో దారికి వేలు చాలు. నేను రెండూ చేసేదాన్ని. మేడం రిపోర్టులు పైకి పంపేటప్పుడు బొమ్మలు శుభ్రంగా ఉండాలనేవారు. ఆరు స్కాన్లూ ఒకదాని మీద ఒకటి కుదిరితే తెర మీద ఆకుపచ్చ రంగులో గుడ్ అని పడుతుంది. కొంచెం అటూ ఇటూ అయితే పసుపు. ఆ పచ్చరంగు కోసం నేను పడ్డ ఆరాటం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

నూకరాజు

నూకరాజుది కోటవురట్ల దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్ళవాడు. చెరకు లోడు మీద నుంచి జారి ట్రాక్టరు తొట్టి చక్రం కింద పడ్డాడు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. తల్లి పైడమ్మతో వచ్చేవాడు. నవ్వుతూ, నవ్విస్తూ ఉండే మనిషి. మొదటిసారి వచ్చినప్పుడే మేడాన్ని అడిగాడు.

"మేడంగారండి, క్లచ్చు తొక్కగలిగే కాలు ఇస్తారేటి? బ్రేకు సంగతి నాను సూసుకుంటాను, ఆ కాలు ఉంది గదా."

"మోకాలు ఉంది కాబట్టి తొక్కగలవు" అన్నారు మేడం.

మొదటి సాకెట్ వేశాం. రెండు నెలలకి ఎముక కొస దగ్గర పుండుతో వచ్చాడు. మొండి ఎండి సన్నబడింది, మొదట్లో అందరికీ జరిగేదే అనుకున్నాం. పుండు మానాక మళ్ళీ స్కాన్ చేశాం. ఈసారి పచ్చరంగు ఎంత చక్కగా పడిందంటే మేడం నన్ను పిలిచి చూపించారు. ఆరు స్కాన్ల మధ్య తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. నూకరాజు చెక్కలో చెక్కిన బొమ్మలా కూర్చున్నాడు. "కదలకుండా ఉండడంలో నీ అంతవాడు ఈ షెడ్డుకి రాలేదురా" అని నేనే మెచ్చుకున్నాను. పిక్క వెనుక భాగంలో మాత్రం కొంచెం దుమ్ము మిగిలింది. బ్రష్షుతో రుద్దాను. పోలేదు. మళ్ళీ రుద్దాను. పోయింది.

సాకెట్ తొడిగి చూసినప్పుడు కూడా, నేను అతని కాలి దగ్గర కూర్చుని చుట్టూ వేలు పెట్టి చూస్తే అచ్చంగా సరిపోయింది. మూడు వారాల్లో పుండు పడింది. ఈసారి ఎముక కనిపించింది.

పైడమ్మ డాక్టరు గారి చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏటి రాసారో సదువు వదినా. ఆయన నోటితో సెప్పారు గాని నాకు బుర్రకి ఎక్కలేదు."

చదివాను. ఈ పుండు మానాక ఇంకొక్క సాకెట్ వేసి చూస్తారు. మళ్ళీ పుండు పడితే మోకాలి పైకి తీసేస్తారు. ఎముకకి చీము పడితే ప్రాణానికే ముప్పు. ఆమెకి అదే చెప్పాను. ఆమె ఏడవలేదు. "అయితే ఇంకొక్క కాలే ఉందన్నమాట మీ దగ్గర" అంది.

మోకాలు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు. మోకాలుంటే పొలం గట్టు ఎక్కుతాడు, బస్సు ఎక్కుతాడు, పీట మీద కూర్చుని లేస్తాడు. నూకరాజుకైతే ట్రాక్టరు ఉంది. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నేనూ మేడమూ ఆ పచ్చరంగు స్కాను తెరిచి చూస్తూనే ఉన్నాం. అందులో తప్పు కనిపించలేదు.

నిద్రలో కొలిచిన కాలు

మూడోసారి స్కానుకి వచ్చిన రోజు మొదటి బస్సులో వచ్చారు. మెషీను ఇంకా వేడెక్కలేదు. వరండాలో బల్ల మీద నూకరాజు వాలి, మొండి కింద తలగడ పెట్టుకుని నిద్రపోయాడు.

"లేపీకు వదినా, రాత్రంతా నిద్దర లేదు ఆడికి" అంది పైడమ్మ.

లేపలేదు. ఊరికే ఉండడం ఎందుకని టేపు తెచ్చి, కింద కూర్చుని, పిక్క చుట్టూ మెల్లగా వేశాను. మొండి మెత్తగా, పిండిముద్దలా ఉంది. అంకె చూసి అనుమానం వచ్చి మళ్ళీ వేశాను. కిందటి స్కానులో ఉన్నదానికంటే ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువ. నాలుగు నెలలు కాలు వాడలేదు, సన్నబడి ఉంటుంది అని సర్దిచెప్పుకోబోయాను. అంతలో అతనికి మెలకువ వచ్చింది. టేపు ఇంకా చుట్టే ఉంది. నన్ను చూశాడో లేదో, నా వేళ్ళ మధ్య నుంచి టేపు కొస జర్రున జారింది. మెత్తటి పిండిముద్ద రాయి అయిపోయింది. అంకె చూశాను. పాత స్కానులో ఉన్న అంకే.

"అయ్యో పిన్నీ, లెగు లెగు. నా కాలికాడ కూకున్నావేటి?"

"కొలత తీస్తన్నానురా. నువ్వు పడుకో."

"పెద్దదానివి, నువ్వు కాళ్ళకాడ కూకుంటే నాను కాళ్ళు జాపుకుని పడుకుంటానా? పాపం సుట్టుకుంటాది."

"మరి స్కానింగప్పుడు కూడా ఇలాగే కూకున్నాను గదా?"

"అప్పుడు మీరు కదలొద్దన్నారు. కాలు ఎక్కడ నీకు తగులుతాదో అని బిగబట్టీసినాను."

"ఎంతసేపు?"

"నువ్వు లేసిందాకా."

పైడమ్మ కొడుకుని తిట్టింది. "నోరెట్టుకుని సెప్పకూడదేటిరా సచ్చినోడా, పిన్నీ పైన కూకో అని?"

"ఆవిడ పని ఆవిడ సేసుకుంటంటే నానేటని సెప్పనే?"

స్కానరు స్టాండు పొట్టిది కాబట్టి నేను చిన్న పీట వేసుకుని పేషెంటు కాళ్ళ దగ్గరే కూర్చునేదాన్ని. అందరికీ అలాగే. ఒక ముసలిదాని ముందు కాలు చాపి కూర్చోవడానికి సిగ్గుపడి అతను కండ బిగించాడు. బిగించిన పిక్క ఉబ్బుతుంది. ఆరుసార్లూ ఒక్కలాగే బిగించాడు, ఆరు స్కాన్లూ ఒక్కలాగే వచ్చాయి. ఆ ఉబ్బుకి సాకెట్ చేశాం. తొడిగి చూసినప్పుడూ నేను అక్కడే కూర్చున్నాను, అప్పుడూ బిగించాడు, కాబట్టి సరిపోయింది. ఇక్కడి నుంచి లేచి బస్సు ఎక్కి, కాలు వదులు చేసుకున్న క్షణం నుంచి ఎముక అడుగుకి గుద్దుకుంటూనే ఉంది.

సగటు తీస్తే దుమ్ము తగ్గుతుంది. ఇలాంటి తప్పు తగ్గదు, ఇంకా గట్టిపడుతుంది.

నేను తుడిచినది

మేడానికి చెప్పాలి. టేపు సంగతి చెప్పడం కష్టం కాదు. పిక్క వెనుక దుమ్ము సంగతి చెప్పడం కష్టం. అది నాకు ఆ వరండాలోనే గుర్తొచ్చింది. వర్క్‌షాపులోకి వెళ్ళి, మేడం టీ తాగుతుంటే నిలబడి చెప్పాను. ఆమె మొదట నేను సర్దిచెప్పుకోబోయిన మాటే అన్నారు.

"మొండి సన్నబడి ఉంటుంది కొండమ్మ గారూ."

"మెలకువ వచ్చాక మళ్ళీ పాత కొలతే వచ్చిందండి. ఇంకోటి కూడా ఉంది. కిందటిసారి పిక్క వెనకాల దుమ్ము ఉంటే రెండుసార్లు రుద్దేశాను."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టారు. రుద్దక ముందటి ఫైళ్ళు కూడా దాచాలని మొదటి రోజు నుంచీ ఆమె పెట్టిన నియమం. దాని విలువ ఆ రోజు తెలిసింది. ఆరూ వరసగా తెరిచారు. మొదటి స్కానులో దుమ్ము దాదాపు లేదు. రెండో దానిలో కొంచెం. ఆరో దానిలో పిక్క వెనుకంతా పొగలా కమ్ముకుని ఉంది. మిగతా కాలంతా నున్నగా, అక్కడొక్కచోటే. గాలికి చెదిరే దుమ్మైతే అంతటా ఉండాలి.

"ఇది దుమ్ము కాదు" అన్నారు. "వణుకు. పట్టి పట్టి కండ అలిసిపోయింది."

కాలు చెప్పవలసినది చెప్పింది. నేను తుడిచేశాను.

"ఇలా ఎంతమందివి తుడిచారు?" అని అడిగారు. గొంతు పెంచలేదు. నాకు జవాబు తెలియదు, తెలియదనే చెప్పాను. రెండు రోజుల తర్వాత వచ్చి, "బొమ్మలు శుభ్రంగా ఉండాలని రోజూ అన్నది నేనే" అన్నారు. నేను చూసిన పైఅధికారుల్లో తన వంతు తప్పు తనే ఒప్పుకున్నది ఆమె ఒక్కరే. డేనియల్ గారు ఎంత గొప్ప పనివాడైనా ఆ మాట ఆయన నోట వినలేదు.

పాత ఫైళ్ళన్నీ తెరిచాం. అనుమానం ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే ఫోను చేసి పిలిపించాం. చాలామంది వచ్చారు, సాకెట్లు మార్చాం. ఒక పెద్దాయన ఇంటికి ఫోను చేస్తే కూతురు ఎత్తింది. మేమిచ్చిన కాలు ఆయన నెల్లాళ్ళే తొడిగాడట. నొప్పెడుతోందని మాకు చెప్పడానికి మొహమాటపడ్డాడట, అంత కష్టపడి చేసి ఇచ్చారు, బాగులేదని ఎలా అంటాం అని. చంకకర్రల మీదే తిరిగి, అంతకు ముందు వేసవిలో చనిపోయాడట. ఆయన స్కాను పచ్చరంగే.

పసుపు

నూకరాజు స్కాను ఆ వారమే తీశాం. ఈసారి ఎత్తైన మంచం వేసి, అతన్ని బోర్లా పడుకోబెట్టాం. స్టాండు కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాం. నేను కాళ్ళ దగ్గర కాకుండా పక్కన నిలబడ్డాను. ముందు టేపుతో మూడు చోట్ల కొలిచి అంకెలు పలక మీద రాసుకున్నాను. చేత్తో పిక్క పట్టి, మెత్తగా ఉందని తెలిశాకే మెషీను నొక్కేదాన్ని. పైడమ్మని తలదగ్గర కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఉండమన్నాను.

"ఏటి మాట్లాడను ఈడితో?" అంది ఆమె.

"ట్రాక్టరు గురించి అడుగమ్మా" అన్నాడు నూకరాజు దిండులో మొహం పెట్టి.

"నిన్ను తొక్కీసిన ట్రాక్టరు గురించేటిరా నానడిగేది?"

"అది తొక్కలేదే, నానే దాని కింద పడ్డాను. దాన్నేటనకు."

ఆరు స్కాన్లు అయ్యాయి. తెర మీద పసుపు పడింది. వదులుగా పడుకున్న మనిషి ఊపిరి తీస్తాడు, నవ్వుతాడు, ఏ స్కానూ ఇంకోదానితో అచ్చంగా కుదరదు. ఇది తప్పితే ఇంకో కాలు చేసే అవకాశం లేదు. ఇన్నేళ్ళలో పసుపు స్కానుతో మేము ఒక్క సాకెట్ కూడా చేయలేదు.

"మళ్ళీ తీద్దామా?" అన్నారు మేడం.

"తీస్తే మళ్ళీ పసుపే వస్తాదండి. పచ్చ రావాలంటే ఆడు బిగబట్టాలి."

పలక తెచ్చి పక్కన పెట్టాను. ఆరింటి సగటు తీసి, మూడు చోట్లా చుట్టుకొలత చూశారు. రెండు చోట్ల నా టేపుతో కలిసింది, మూడో చోట ఒక మిల్లీమీటరు తేడా. బ్రష్షు ముట్టుకోలేదు. గరుకు గరుకుగానే ఉంచి అచ్చుకి పంపాం.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగేది ఇదే. నున్నగా ఉన్నదానికీ నిజంగా ఉన్నదానికీ సంబంధం లేదు. చెదిరినదాన్ని సగటు తీయవచ్చు, కానీ ముందు అది ఎందుకు చెదిరిందో అడగండి, ఎక్కడ చెదిరిందో చూడండి. ఆరూ ఒక్కలాగే వస్తే సంతోషించకండి, మెషీనుకి సంబంధం లేని ఇంకో కొలత తెచ్చి పక్కన పెట్టండి. మీరు ఎక్కడ నిలబడ్డారో, పేషెంటుకి మీరు ఏమవుతారో కూడా కొలతలో భాగమే. మా వైపు మనుషులు నొప్పి చెప్పరు, ఇబ్బంది చెప్పరు, మర్యాద కోసం ఊపిరి కూడా బిగబడతారు. మెషీను ఆ మర్యాదని కండ అనుకుంటుంది.

పది నిమిషాలు

మూడో సాకెట్ తొడిగి నూకరాజు వరండాలో ఇటునుంచి అటు నడిచాడు. ఆ రోజు కాదు, నెల తర్వాత, ఊళ్ళో రోజంతా నడిచి వచ్చిన రోజు అసలు పరీక్ష. డాక్టరు గారు ఆ రోజు చూసి చెప్పమన్నారు. మోకాలు ఉంచడమా తీయడమా అన్నది దాని మీదే.

మంచం మీద కూర్చోబెట్టి సాకెట్ తీశాను. ఎముక కొస దగ్గర చర్మం కంది ఉంది. కందడం తప్పు కాదు, బరువు పడ్డ చోట కందుతుంది. పది నిమిషాల్లో తగ్గితే సరే, తగ్గకపోతే లోపల కండ నలుగుతున్నట్టే. మన నల్లటి చర్మం మీద ఎరుపు కంటికి సరిగ్గా తెలియదు. అందుకని చేతి వెనుక భాగం ఆనించి వేడి చూడాలి. ఆనించాను. వేడిగానే ఉంది. మేడం గడియారం చూశారు. పైడమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

"కాలుతుందా పిన్నీ?" అన్నాడు నూకరాజు.

"ఉండు. మాట్లాడీకు."

"మాట్లాడమన్నారు గదా మొన్న."

"అప్పుడు మాట్లాడమన్నాను. ఇప్పుడు వద్దన్నాను."

మూడు నిమిషాలకి వేడి అలాగే ఉంది. ఆరు నిమిషాలకి నాకు తేడా ఉన్నట్టు అనిపించింది, కానీ నా చెయ్యే వేడెక్కిందేమో అని చెయ్యి మార్చాను. పైన తొడ మీద ఒకసారి, కొస మీద ఒకసారి ఆనించి చూశాను. మేడం తన చెయ్యి కూడా పెట్టారు. తొమ్మిదో నిమిషానికి రెండు చోట్లా ఒకే చల్లదనం. వేలితో నొక్కాను, చర్మం పాలిపోయి మళ్ళీ మామూలు రంగుకి వచ్చింది. ఇంకో నిమిషం ఆగి మళ్ళీ నొక్కాను. అలాగే వచ్చింది.

మోకాలు తీయక్కర్లేదని డాక్టరు గారికి ఫోను చేయడానికి మేడం బయటికి వెళ్ళారు. వెళ్తూ పైడమ్మ భుజం మీద చెయ్యి వేశారు, అంతే. పైడమ్మ వచ్చి కొడుకు పక్కన కూర్చుంది.

నూకరాజు మోకాలు మడిచాడు, చాపాడు, మళ్ళీ మడిచాడు. అలా చాలాసేపు మడుస్తూ చాపుతూ కూర్చున్నాడు. బస్సుకి టైమవుతున్నా ఆపమని మేమెవరమూ అనలేదు.